సిలిండర్ మీద 1855 అని ఉన్నంత మాత్రాన అది 1855 నాటిది కాదు: పాత అమెరికన్ రిమ్‌ఫైర్ రివాల్వర్లలో రకాలు గుర్తుపట్టడం

విజయనగరం, బొబ్బిలి వైపు పాత మండువా ఇంట్లో అటక మీది సందుగ పెట్టెలోంచి చిన్న రివాల్వర్ ఒకటి బయటపడిందనుకోండి. ఇంట్లో అందరూ ముందు చదివేది దాని మీది అంకెలనే. తూటాలు పెట్టే గుండ్రని సిలిండర్ చుట్టూ ‘ఏప్రిల్ 3, 1855’ అని కనిపిస్తుంది. సిపాయిల తిరుగుబాటు కంటే ముందుదని అప్పుడే తేల్చేస్తారు. ఆ తేదీ తుపాకి తయారైన తేదీ కాదు, ఒక పేటెంటు మంజూరైన తేదీ. అదే తేదీని 1857లో తయారైన వాటి మీదా కొట్టారు, 1870ల్లో తయారైన వాటి మీదా కొట్టారు. దాన్నిబట్టి తెలిసేది ఒక్కటే, ఆ రివాల్వర్ అంతకు ముందుది కాదని.

బ్యారెల్ మీది పేరు కూడా అలాగే తప్పుదారి పట్టిస్తుంది. ‘స్మిత్ అండ్ వెసన్’ అన్న మాటలు ఉన్నా, ఆ కంపెనీలో తయారు కాని రివాల్వర్లు వేలల్లో ఉన్నాయి. అందుకని నేను పాటించే క్రమం ఇది: ముందు నిర్మాణం, తర్వాత కొలతలు, ఆ తర్వాత అక్షరాలు, అన్నిటికంటే చివర సీరియల్ నంబరు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, తప్పులన్నీ అక్కడే పుడతాయి.

చేతిలోకి తీసుకునే ముందు రెండు విషయాలు. మొదటిది చట్టం. అమెరికాలో 1898, అంతకు ముందు తయారైన తుపాకులకు మినహాయింపు ఉంది. అక్కడి అమ్మకందార్లు ‘యాంటిక్, లైసెన్సు అక్కర్లేదు’ అని రాసేది అందుకే. ఆ మాట మన దగ్గర చెల్లదు. మన ఆయుధాల చట్టం, 1959లో వయసు ఒక్కటే మినహాయింపు కాదు. సెక్షన్ 45లో పాత నమూనా ఆయుధాల ప్రస్తావన ఉంది కానీ, అది మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరాని వాటికే వర్తిస్తుంది. ఒక స్ప్రింగు మారిస్తే పేలే రివాల్వర్ ఆ కోవలోకి రాదు. తూటాలకూ లైసెన్సు కావాలి. లైసెన్సు లేని ఆయుధం ఇంట్లో బయటపడితే ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌కు తెలియజేసి అక్కడ జమ చేయాలి. లైసెన్సు ఉన్న వ్యక్తి చనిపోతే వారసులు సెక్షన్ 21 ప్రకారం పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ జమ చేసి, ఆ తర్వాత తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కింద రాసినవన్నీ లైసెన్సుతో ఉన్నవాటినీ, మ్యూజియంలో ఉన్నవాటినీ, వేలం ఫొటోల్లో కనిపించేవాటినీ దృష్టిలో పెట్టుకుని రాసినవి.

రెండోది, లోపల తూటా ఉందా లేదా అన్నది. రిమ్‌ఫైర్ తూటాలో పేలే మందు అడుగున మధ్యలో ఉండదు, అడుగు అంచు లోపల చుట్టూ ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే పడే సుత్తిలాంటి భాగం, అంటే హ్యామర్, దాని ముక్కు ఆ అంచు మీద కొడితే పేలుతుంది. హ్యామర్ దించి ఉన్నప్పుడు ఆ ముక్కు సరిగ్గా తూటా అంచు మీదే ఆనుకుని ఉండొచ్చు. అలాంటిది చేయి జారి గచ్చు మీద పడితే చాలు. నూట యాభై ఏళ్ల తూటా పేలదనుకోవద్దు. సిలిండర్‌లో రాగి రంగు అడుగులు కనిపించి, అవి తేలిగ్గా ఊడిరాకపోతే మేకుతో గానీ చువ్వతో గానీ పొడవకండి. లైసెన్సు ఉన్న గన్‌స్మిత్‌కు అప్పగించడం తప్ప వేరే దారి లేదు.

రిమ్‌ఫైరా, సెంటర్‌ఫైరా

హ్యామర్ ముక్కు చూడండి. రిమ్‌ఫైర్ అయితే ఉలి మొనలా పలచగా, బల్లపరుపుగా ఉండి గది (సిలిండర్‌లో తూటా కూర్చునే బెజ్జం) అంచు వైపు దిగుతుంది. సెంటర్‌ఫైర్ అయితే గుండ్రని సూదిలా గది మధ్యకు దిగుతుంది. సిలిండర్ తీయగలిగితే వెనక ముఖం చూడండి. గదుల అంచుల మీద చిన్న చిన్న గాట్లు ఉంటే, ఎవరో తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కి ఆడుకున్నారన్నమాట. రిమ్‌ఫైర్‌లో మధ్యన తూటా అంచు లేకపోతే హ్యామర్ నేరుగా సిలిండర్ ఉక్కు మీద పడుతుంది. ఉక్కు నలిగి గదిలోకి పొడుచుకొస్తుంది, ఆ తర్వాత తూటా పూర్తిగా దిగదు. ఇలాంటి సిలిండర్లు చాలా ఉన్నాయి. అందువల్ల ఖాళీ రివాల్వర్ ట్రిగ్గర్ నొక్కడం ఈ తరగతిలో నిజంగా నష్టం చేసే పని.

కొలవాల్సింది బ్యారెల్ మూతి కాదు, అది అరిగి, తుప్పు పట్టి ఉంటుంది. సిలిండర్ గది వెనక భాగాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. తూటా కొలతను అంగుళంలో వంతులుగా .22, .32 అని చెబుతారు. .22కి సుమారు 5.8 మిల్లీమీటర్లు, .32 రిమ్‌ఫైర్‌కు 8.1, .38కి 9.6, .41కి 10.3, .44 హెన్రీకి 11.4 వస్తుంది. అరిగినవాటిలో ఒక మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూ తేడా సహజం. 8.5 దగ్గర వస్తే అది 1878 తర్వాత వచ్చిన .32 స్మిత్ అండ్ వెసన్ సెంటర్‌ఫైర్ అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు హ్యామర్ ముక్కు మళ్లీ చూసుకోండి.

అన్నిటికీ తాళంచెవి ఒక పేటెంటు

ఈ రివాల్వర్లలో ఇన్ని వింత రూపాలు ఎందుకున్నాయో తెలియాలంటే రోలిన్ వైట్ అనే అమెరికన్ గన్‌స్మిత్ సంగతి తెలియాలి. 1855 ఏప్రిల్ 3న ఆయనకు వచ్చిన పేటెంటులో ముఖ్యమైన హక్కు ఒకటే: సిలిండర్ గదులు ఈ చివరి నుంచి ఆ చివరికి పూర్తిగా తొలిచి ఉండడం. అంటే వెనక నుంచి తూటా పెట్టే ఏ రివాల్వరైనా ఆ హక్కు కిందకి వస్తుంది. హొరేస్ స్మిత్, డేనియల్ వెసన్ 1856 నవంబరులో ఆయనతో ఒప్పందం చేసుకున్నారు. రివాల్వర్‌కు 25 సెంట్లు ఆయనకు ఇవ్వాలి, పేటెంటును కాపాడుకునే కోర్టు ఖర్చులు ఆయనవి. ఆ షరతు ఆయన్ను ఆర్థికంగా పిండేసింది. గడువు పొడిగించాలని పెట్టిన బిల్లును అధ్యక్షుడు గ్రాంట్ 1870 జనవరిలో తిప్పికొట్టారు. పేటెంటు అంతకు ముందే, 1869 ఏప్రిల్ 3న ముగిసిపోయింది.

కాబట్టి 1869 ఒక గట్టు. గట్టుకు ఇవతల ఉన్నవి మూడు రకాలు: స్మిత్ అండ్ వెసన్ సొంతవి, అనుమతి లేకుండా కాపీ కొట్టినవి, పేటెంటును తప్పించుకోవడానికి వంకర దారులు వెతికినవి. గట్టుకు అవతల కోల్ట్, రెమింగ్టన్ లాంటి పెద్దవాళ్లతో పాటు ఊరికో చిన్న కంపెనీ దిగింది. మీ ముందున్న రివాల్వర్ గట్టుకు ఎటువైపుదో తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

స్మిత్ అండ్ వెసన్ మోడల్ నంబర్ 1: మూడు ఇష్యూలు (విడతలు)

ఏడు గుండ్లు, .22 షార్ట్. ఫ్రేమ్ ముందు కింది భాగంలో ఉన్న క్యాచ్ నొక్కితే బ్యారెల్ పైకి లేస్తుంది. సిలిండర్‌ను ముందుకు లాగి తీసేసి, బ్యారెల్ కింద బిగించి ఉన్న చువ్వ మీద గుచ్చి ఖాళీ తొడుగులు తోసేయాలి. ఈ మడత ఫ్రేమ్ పై పట్టీ ముందు చివర ఉంటుంది. బ్యారెల్‌ను సినిమాల్లోలా విదిలించి తెరిస్తే మొదట వదులయ్యేది అక్కడే. బ్యారెల్ మూసి అటూ ఇటూ కదిపి చూడండి, ఆట ఎక్కువుంటే ధరలో ఆ మేరకు తగ్గించుకోవాలి.

మొదటి ఇష్యూ 1857 నుంచి 1860 వరకు, మొత్తం 11,671. ఎనిమిది పలకల బ్యారెల్ 3 3/16 అంగుళాలు, అంటే 81 మిల్లీమీటర్లు. ఫ్రేమ్ ఇత్తడి, పైన వెండి పూత. పిడి రోజ్‌వుడ్, అడుగు చదరంగా ఉంటుంది. గుర్తుపట్టడానికి మూడు చోట్లు చూడాలి. ఫ్రేమ్ పక్కలు బల్లపరుపుగా కాక గుండ్రంగా తిరిగి ఉంటాయి. ఎడమ పక్క మూత చిన్నగా, కంపాసుతో గీసినట్టు కచ్చితంగా గుండ్రంగా ఉంటుంది. హ్యామర్ మీద బొటనవేలు పెట్టే భాగం విడి ముక్క, కీలు మీద కదులుతుంది. ఈ మూడూ కలిసి ఉంటేనే మొదటి ఇష్యూ.

సేకరించేవాళ్లు దీనిలోనే ఆరు రకాలు లెక్కపెడతారు. కారణం తెలుసుకుంటే గుర్తుపెట్టుకోవడం తేలిక. అప్పటి పలచని రాగి తొడుగు పేలినప్పుడు వెనక్కి ఉబ్బేది. ఉబ్బిన అడుగు వెనక పలకకు రాసుకుని సిలిండర్ తిరగకుండా బిగుసుకునేది. అందుకే సిలిండర్ వెనక దానితో పాటే తిరిగే ఒక పలక పెట్టారు. తర్వాతి మార్పులు చాలావరకు ఆ పలక చుట్టూనే తిరిగాయి. మొదటి రకం సుమారు 200 నంబరు వరకు: పెద్ద తిరుగుడు పలక, బ్యారెల్ క్యాచ్ బయొనెట్ తరహాది. రెండోది సుమారు 1,130 వరకు: అదే క్యాచ్, పలక మెరుగుపడింది. మూడో రకంలో, అంటే 3,000 దాటే వరకు, ఆ క్యాచ్ పోయి పక్కన నొక్కే స్ప్రింగు క్యాచ్ వచ్చింది. నాలుగో రకంలో పలక బాగా చిన్నదైంది, ఇది 4,200 దాకా. అయిదో రకంలో, సుమారు 5,500 దాకా, బ్యారెల్ లోపలి గాడులు మూడు నుంచి అయిదయ్యాయి. టార్చి వేసి మూతిలోంచి లెక్కపెడితే తెలిసిపోతుంది. ఆరో రకంలో తిరుగుడు పలకే లేదు, దాని బదులు సిలిండర్ వెనకే పళ్ల చక్రం చెక్కారు. చివరి వరకు అదే. ఈ అంకెలన్నీ ఇంచుమించుగా తీసుకోవాల్సినవే. ఫ్యాక్టరీలో ఒక పెట్టెలో పాత భాగాలు మిగిలి ఉంటే అవి అయిపోయేదాకా వాడారు. నంబరు ఒకటి చెప్పి నిర్మాణం ఇంకొకటి చెబితే నిర్మాణం మాటే నమ్మండి, కాకపోతే భాగాలు మార్చలేదని ముందు రుజువు చేసుకోండి.

రెండో ఇష్యూ 1860 నుంచి 1868 వరకు, నంబర్లు 11,672 నుంచి 1,26,361 దాకా. బ్యారెల్ అదే ఎనిమిది పలకలది, సిలిండర్ అలాగే నున్నన, పిడి అడుగు అలాగే చదరం. దూరం నుంచి చూస్తే మొదటిదీ ఇదీ ఒకటే అనిపిస్తాయి. ఫ్రేమ్ పక్కలు మాత్రం ఇప్పుడు బల్లపరుపు. పక్క మూత పెద్దది, గుండ్రం కాదు. హ్యామర్ ఒకే ముక్క. సిలిండర్ మీద మూడు పేటెంటు తేదీలు కనిపిస్తాయి: 1855 ఏప్రిల్ 3, 1859 జులై 5, 1860 డిసెంబర్ 18. బజారులో ఇది విరివిగానే దొరుకుతుంది. కొన్నిటి మీద రెండో నాణ్యత అని సూచించే ముద్ర ఉంటుంది. ఏదో చిన్న లోపంతో తక్కువ ధరకు అమ్మినవి అవి, కానీ అరుదు కాబట్టి ఇప్పుడు వాటికే ఎక్కువ ధర పలుకుతుంది.

మూడో ఇష్యూ, 1868 నుంచి 1882 వరకు, రూపమే వేరు. బ్యారెల్ గుండ్రం, పైన నిలువు పట్టీ. సిలిండర్ మీద అరటి దొప్పలా లోపలికి వంగిన గాడులు. పిడి చివర చిలక తలలా గుండ్రంగా తిరిగి ఉంటుంది. బ్యారెల్ పొడవు 3 3/16 గానీ, 2 11/16 గానీ. రెండోది 68 మిల్లీమీటర్లు, తక్కువగా దొరుకుతుంది. మొత్తం 1,31,163 చేశారు. ఇక్కడొక చిక్కుంది: ఈ ఇష్యూకి నంబర్లు మళ్లీ 1 నుంచి మొదలుపెట్టారు. పిడి అడుగున 5,240 అని ఉంటే అది 1859 ప్రాంతపు అరుదైన అయిదో రకమూ కావచ్చు, 1860ల చివరిలో వచ్చిన మామూలు మూడో ఇష్యూ కూడా కావచ్చు. ధరలో తేడా చాలా పెద్దది. సీరియల్ నంబరు చివర చూడమన్నది ఇందుకే.

నంబర్ 1½, నంబర్ 2

నంబర్ 1½ అయిదు గుండ్ల .32. 1865–68 నాటి పాత మోడల్ నున్నని సిలిండర్, ఎనిమిది పలకల బ్యారెల్, చదరపు పిడితో 26,300 దాకా వచ్చింది. 1868 తర్వాతి కొత్త మోడల్ గాడుల సిలిండర్, గుండ్రని బ్యారెల్, చిలక తల పిడితో 26,301 నుంచి మొదలైంది. ఇక్కడ నంబర్లు కొనసాగాయి, మళ్లీ 1 నుంచి పెట్టలేదు. మారే సమయంలో మిగిలిన ఎనిమిది పలకల బ్యారెళ్లను కొత్త ఫ్రేమ్‌లకు బిగించిన రివాల్వర్లు సుమారు 650 ఉన్నాయి. అలాంటిది కనిపిస్తే ఎవరో అతికించారని తోసిపుచ్చకండి. నంబరు 27 వేలు, 28 వేలు దగ్గర ఉంటే అది అసలైనదే కావచ్చు.

నంబర్ 2ను ఆర్మీ అంటారు కానీ అమెరికా సైన్యం అధికారికంగా కొన్నది కాదు. అంతర్యుద్ధంలో సైనికులు సొంత డబ్బుతో కొనుక్కున్నారు. ఆరు గుండ్ల .32 లాంగ్, ఇనుప ఫ్రేమ్, 1861 నుంచి 1874 వరకు 77,155. బ్యారెల్ ఎక్కువగా 5 లేదా 6 అంగుళాలు, 4 అంగుళాలది అరుదు. రకం తేల్చడానికి ఫ్రేమ్ పై పట్టీని పక్క నుంచి చూడండి. అక్కడ అడ్డంగా దిగిన పిన్నులు రెండే ఉంటే తొలి రోజులది, సుమారు 3,000 నంబరు లోపు. మూడు ఉంటే తర్వాతది. తుప్పు గీరి, మళ్లీ పాలిష్ చేసినవాటిలో పిన్ను తలలు కనిపించకుండా పోతాయి. అలాంటప్పుడు టార్చిని ఏటవాలుగా పట్టుకుంటే చుట్టూ సన్నని వలయం బయటపడుతుంది. అంతర్యుద్ధ కాలపుదని చెప్పి అమ్మేవాళ్లను నంబరు అడగండి. సుమారు 35 వేలు దాటితే ఆ మాట నిలబడదు.

పేరు ఒకరిది, పని ఇంకొకరిది

అనుమతి లేకుండా చేసిన మూర్, పాండ్, వార్నర్, బేకన్ లాంటి తయారీదార్ల మీద కేసులు నడిచాయి. ఓడినవాళ్లు చేతిలో ఉన్న సరుకును స్మిత్ అండ్ వెసన్‌కు అప్పగించాల్సి వచ్చింది, దాని మీద ఆ కంపెనీ కోసం తయారు చేసినట్టు ముద్ర కొట్టారు. రోలిన్ వైట్ పేరుతోనే లోవెల్ పట్టణంలో ఉన్న కంపెనీ చేసిన .22ల మీద కూడా ఇలాంటి ముద్రే ఉంటుంది. అందుకే స్మిత్ అండ్ వెసన్ పేరు కనబడితే దాని ముందున్న మాట చదవండి. ‘కోసం’ అన్న అర్థం వచ్చే ఆంగ్ల పదం ఉంటే తయారీ వేరొకరిది. ఏడు గుండ్ల .32తో, సిలిండర్‌తో పాటు బ్యారెల్ పక్కకు తిరిగి తెరుచుకుంటే అది మూర్. పేరు చదవకముందే నిర్మాణం చెప్పేస్తుంది.

వంకర దారులు నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. గది వెనక పూర్తిగా తొలవకూడదు, తూటా మాత్రం వాడాలి. ప్లాంట్ కంపెనీ అడుగున గిన్నెలా గుంట ఉన్న తూటాను సిలిండర్ ముందు నుంచి పెట్టేలా చేసింది, వెనక సన్నని చీలికలోంచి హ్యామర్ దెబ్బ తగులుతుంది. మూర్ వాళ్ల ఆరు గుండ్ల .32లో తూటా అడుగున చిన్న మొన ఉంటుంది, గది వెనక బెజ్జంలోంచి ఆ మొన బయటకు పొడుచుకొస్తుంది. బ్రూక్లిన్ కంపెనీ స్లోకం రివాల్వర్లో ప్రతి గదికీ జారే తొడుగు ఉంటుంది, ముందుకు తోసి పక్క నుంచి తూటా పెట్టాలి. ఇది మాత్రం మామూలు .32 రిమ్‌ఫైరే. ఈ మూడింటినీ చూసినవాళ్లు ‘వెనక మూసుకుపోయింది, ఎవరో సీసం పోశారు’ అని పొరబడుతుంటారు. తొలచబోయి పాడుచేయకండి, అవి పుట్టుకే అలా.

1869 తర్వాత

కోల్ట్ 1871లో రెండు తెచ్చింది. ఒకటి ఏడు గుండ్ల .22, పైన పట్టీ లేని ఓపెన్ టాప్. 1877 వరకు లక్షకు పైగా చేశారు. తొలి రోజుల వాటికి బ్యారెల్ పక్కన తొడుగులు తోసే చువ్వ ఉంటుంది, తర్వాతి వాటికి ఉండదు. చువ్వ ఊడిపోయిన పాతదానికీ, అసలే లేని కొత్తదానికీ తేడా ఫ్రేమ్ మీద దాని గాడి ఉందా లేదా అన్నదే. రెండోది హౌస్ మోడల్, .41 రిమ్‌ఫైర్. నాలుగు గుండ్లది ముందు నుంచి చూస్తే ముగ్గులో వేసే నాలుగు రేకుల పువ్వు. రెండు రేకుల మధ్య పల్లం పక్కకు వచ్చేలా తిప్పితే జేబులో పలచగా ఇముడుతుంది, ఆ రూపానికి కారణం అదే. బ్యారెల్ ఒకటిన్నర లేదా మూడు అంగుళాలు. గుండ్రని సిలిండర్‌తో అయిదు గుండ్లది తర్వాత వచ్చింది, బ్యారెల్ 2 5/8. రెండూ కలిపి పది వేల లోపే.

1873 నుంచి వచ్చిన కోల్ట్ న్యూ లైన్ .22, .30, .32, .38, .41లలో దొరుకుతుంది. దీనిలో మొదటి రకంలో సిలిండర్ ఆగడానికి ఉన్న గాట్లు సిలిండర్ బయటి ఒంటి మీద ఉంటాయి, గాడులు పొట్టివి. సుమారు 1876 నుంచి వచ్చిన రెండో రకంలో ఆ గాట్లు వెనక ముఖానికి మారాయి, గాడులు పొడవయ్యాయి. .32, .38, .41లు సెంటర్‌ఫైర్‌లోనూ ఉన్నాయి కాబట్టి హ్యామర్ ముక్కు చూడకుండా రిమ్‌ఫైర్ అనేయకండి. రెమింగ్టన్ వాళ్ల స్మూట్ రివాల్వర్ల మీది 1873 అక్టోబర్ 21 కూడా పేటెంటు తేదీయే.

మిగిలినవి చవక రకం. ట్రిగ్గర్ చుట్టూ కాపు ఉండదు, చిన్న తొడుగులోంచి ముక్కు మాత్రం బయటకు వస్తుంది. ఒంటి ముక్క ఫ్రేమ్, సిలిండర్ ఇరుసు ముందుకు లాగితే సిలిండర్ ఊడుతుంది. తయారీదారు పేరు లేకుండా వ్యాపారనామం ఒక్కటే ఉంటుంది. బ్లూ జాకెట్ అంటే హాప్‌కిన్స్ అండ్ అలెన్, డిఫెండర్ అంటే ఐవర్ జాన్సన్, రెడ్ జాకెట్ అంటే లీ ఆర్మ్స్, స్వాంప్ ఏంజెల్ అంటే ఫోర్‌హ్యాండ్ అండ్ వాడ్స్‌వర్త్. వీటిలో అరుదైన పేర్లున్నా ధర పెద్దగా ఉండదు. వీటికి పెద్ద మొత్తం అడిగితే వద్దనుకోవడమే మంచిది.

పెద్ద కొలతలవి తక్కువే. రెమింగ్టన్ ఆరు గుండ్ల .44 క్యాప్ రివాల్వర్లను (మందు, గుండు విడివిడిగా నింపే పాత రకం) 1868లో అయిదు గుండ్ల .46 రిమ్‌ఫైర్‌గా మార్చి, స్మిత్ అండ్ వెసన్‌కు రాయల్టీ కట్టి, సిన్సినాటీ వ్యాపారికి 4,574 అమ్మారు. కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీలో .44 రిమ్‌ఫైర్‌వి 1,863 మాత్రమే, వాటికి వేరే నంబర్ల వరుస ఉంది.

సముద్రం దాటి వచ్చిన గుర్తులు

మన దగ్గర కనిపించేవాటిలో ఇది ముందు చూడాల్సింది. తుపాకి పేలుడును తట్టుకుంటుందో లేదో చూసే ప్రభుత్వ పరీక్ష ముద్రలు అమెరికాలో అప్పట్లో లేవు. బ్రిటన్‌లో అమ్మాలంటే పరీక్ష చేయించాల్సిందే. అందుకని లండన్ మీదుగా వచ్చిన అసలు అమెరికన్ రివాల్వర్ బ్యారెల్ మీదా, సిలిండర్ గదుల మధ్యా చిన్న కిరీటం ముద్రలు ఉంటాయి. బర్మింగ్‌హామ్ అయితే కిరీటం కింద అడ్డంగా వేసిన రెండు రాజదండాలు. కోడిగుడ్డు ఆకారంలో చిన్న గీత, దానిలో ఈ, ఎల్, జీ అక్షరాలు, కింద నక్షత్రం కనిపిస్తే బెల్జియంలోని లియేజ్ ముద్ర. అమెరికన్ నమూనాలను అక్కడ విరివిగా కాపీ కొట్టారు. ఆ గుడ్డు గీత మీద కిరీటం ఉంటే 1893 తర్వాతది. పేరు ఏది రాసి ఉన్నా లియేజ్ ముద్ర ఉంటే అమెరికాలో తయారైందనుకునే ముందు పక్క మూత, క్యాచ్, హ్యామర్ మూడూ మళ్లీ సరిచూడాలి.

చింతపండు, ముగ్గుపొడి వద్దు

బుడితి ఇత్తడి చెంబు తోమినట్టు ఈ ఇత్తడి ఫ్రేమ్‌ను చింతపండు, ఉప్పుతో తోమితే మిగిలిన కాస్త వెండి పూతా పోతుంది. మూడో వంతు వెండి మిగిలిన ఫ్రేమ్‌కూ, తళతళలాడే ఉత్త ఇత్తడికీ ధర తేడా చాలా ఉంటుంది. పితాంబరీ, లోహం పాలిష్ ద్రవాలు కూడా అంతే. నల్లబడిన వెండిని అలాగే వదిలేయండి. ఉక్కు భాగాలకు కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు, మెత్తని నూలు గుడ్డ చాలు. కొబ్బరినూనె చిక్కబడి జిగురై లోపలి స్ప్రింగులను పట్టేస్తుంది. కళింగపట్నం, బారువ లాంటి తీరపు ఊళ్లలో ఉప్పు గాలికి తోలు ఒరలో ఉంచితే తోలు తేమను పట్టుకుని ఇత్తడి మీద పచ్చటి చిలుము, ఉక్కు మీద గుంటల తుప్పు తెస్తుంది. ఒరను విడిగా పెట్టండి.

మళ్లీ పూత వేసినదాన్ని పట్టుకోవడం కష్టం కాదు. స్మిత్ అండ్ వెసన్‌లో హ్యామర్, ట్రిగ్గర్ రంగురంగుల గట్టిపూతతో ఉండాలి, వాటి మీద కూడా నికెల్ మెరుస్తుంటే తర్వాత వేసిందే. ఎనిమిది పలకల అంచులు వేలికి పదునుగా తగలకపోయినా, మర బెజ్జాల అంచులు లోపలికి పల్లంగా దిగినా, అక్షరాల అంచులు కరిగినట్టున్నా అది పాలిష్ చక్రం పని. బ్యారెల్ కోసినదైతే పొడవు లెక్కకు రాదు, ముందు గురి లేకపోవడమో, చోటు తప్పి ఉండడమో కనిపిస్తుంది. పిడి చెక్కల లోపల, ముఖ్యంగా కుడి చెక్కకు, నంబరు ఉంటుంది. బ్యారెల్, సిలిండర్ మీద కూర్పు గుర్తులు కూడా ఒకదానితో ఒకటి సరిపోవాలి. పక్క మూత ఊడదీయాల్సి వస్తే గన్‌స్మిత్ మర తీసి, ఫ్రేమ్‌ను చెక్క పిడితో మెల్లగా తట్టి మూతను తనంతట తాను లేచేలా చేస్తాడు. స్క్రూడ్రైవరుతో ఎత్తితే ఇత్తడి అంచు వంగి జీవితాంతం సందు కనిపిస్తుంది.

ఎవరికైనా ఫొటోలు పంపి అడిగేటప్పుడు ఇవి ఉండాలి: పక్కన స్కేలు పెట్టి ఎడమ పక్క, కుడి పక్క, పై పట్టీ మీద నుంచి, పిడి అడుగు, సిలిండర్ ముందు ముఖం, వెనక ముఖం, బ్యారెల్ మూతి, హ్యామర్ ఎత్తకుండా దగ్గరి నుంచి. అక్షరాలు కనిపించకపోతే రాత్రి దీపాలు ఆర్పి టార్చిని పక్క నుంచి వేయండి. ఇంకా కనిపించకపోతే మెత్తని సుద్దపొడి వేలితో రుద్ది తుడిచేయండి, గీతల్లో మిగిలిన తెలుపు చదవొచ్చు. ముగ్గుపొడి మాత్రం వాడకండి, దానిలో ఇసుక ఉంటుంది, గీతలు పడతాయి. సీరియల్ నంబరు చివరి రెండంకెలు ఫొటోలో వేలితో మూసి పంపితే చాలు, రకం తేల్చడానికి ముందున్న అంకెలే కావాలి.